నిశానీకి ముందు

1868 జూన్ 1. న్యూమెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్ సైనిక శిబిరంలో ఒక ఒప్పందం కుదురుతోంది. అమెరికా ప్రభుత్వం తరఫున జనరల్ విలియం షెర్మన్ ఇంగ్లీషులో మాట్లాడాడు. ఒక దుబాసి ఆ మాటను స్పానిష్‌లోకి మార్చాడు. ఇంకొక దుబాసి ఆ స్పానిష్‌ను నవాహో భాషలోకి మార్చాడు. అలా రెండు నోళ్లు దాటి చెవిన పడిన మాటను నమ్మి బార్బొన్సిటో, మాన్యులిటో వంటి నవాహో పెద్దలు కాగితం మీద తమ పేర్ల పక్కన గుర్తులు పెట్టారు. మన ఊళ్లలో చదువురాని తాతలు భూమి పత్రాల మీద పెట్టిన నిశానీల వంటివే అవి.

ఆ నిశానీల వెనక నాలుగేళ్ల నరకం ఉంది. కిట్ కార్సన్ నడిపిన దండయాత్రలో సైన్యం వాళ్ల పొలాలు తగలబెట్టింది, గొర్రెల మందలను ఊడ్చేసింది, కాన్యన్ డి షే లోయలో తరాలుగా పెంచుకున్న పీచ్ తోటలను నరికేసింది. ఆకలికి లొంగిపోయిన వేలమందిని దాదాపు మూడు వందల మైళ్లు నడిపించారు. నడవలేక ఆగిపోయిన ముసలివాళ్లనూ గర్భిణులనూ దారిలోనే కాల్చి చంపారని ఆ జాతి ఇప్పటికీ తన పిల్లలకు చెప్పుకుంటుంది. శిబిరంలో రెండు వేల మందికి పైగా చనిపోయారని అంచనా. బతికినవాళ్లను ఇంకా దూరంగా, ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి పంపాలన్న ఆలోచన కూడా ప్రభుత్వానికి ఉండేది. వాళ్లు ఒప్పుకోలేదు. తమ నాలుగు పవిత్ర పర్వతాల మధ్య ఉన్న నేలకే తిరిగి వెళ్తామన్నారు, వెళ్లారు. ఆ ఒప్పందాన్ని వాళ్లు ‘పాత కాగితం’ అని పిలుస్తారు. దాన్ని తలచుకుంటే గాయమూ గుర్తొస్తుంది, ఇల్లు చేరిన రోజూ గుర్తొస్తుంది.

కాగితంతో ఇంతటి అనుభవం ఉన్న జాతి ఒక కొత్త కాగితం గురించి దశాబ్దాలుగా వాదించుకుంటోంది. ఆ కాగితం పేరు రాజ్యాంగం. రాసుకోవాలా, వద్దా? రాస్తే ఎవరు రాయాలి? ఏ భాషలో? ఈ వాదన ఎక్కడో అమెరికా ఎడారిలోది, మనకెందుకు అనుకోకండి. కొంచెం ఓపికగా వింటే మన గుండె మీద కూడా చెయ్యి పడుతుంది.

తమను తాము ‘దినే’ అని పిలుచుకునే నవాహోలు ఇప్పుడు దాదాపు 4 లక్షల మంది. అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరచుకున్న వాళ్ల నేల 27,000 చదరపు మైళ్లు. అమెరికాలో దాన్ని రిజర్వేషన్ అంటారు. మన దగ్గర ఉద్యోగాల్లో, చదువుల్లో ఉండే రిజర్వేషన్ కాదిది. ఒక జాతికి మిగిలిన నేల. విండో రాక్ వాళ్ల రాజధాని. అక్కడ అధ్యక్షుడు ఉన్నాడు, 24 మంది సభ్యుల కౌన్సిల్ ఉంది, సుప్రీం కోర్టు ఉంది, మన పంచాయతీల వంటి చాప్టర్లు 110 ఉన్నాయి. లేనిదల్లా లిఖిత రాజ్యాంగం.

ఎందుకు లేదో తెలియాలంటే ఆ కౌన్సిల్ ఎలా పుట్టిందో చూడాలి. 1920ల మొదట్లో వాళ్ల నేలలో చమురు పడింది. చమురు కంపెనీలకు లీజులు కావాలి. లీజు మీద సంతకం చేయడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ జాతికి అప్పటిదాకా ఒక్క రాజు లేడు, ఒక్క రాజధాని లేదు. ఏ లోయకు ఆ లోయలో పెద్దలు ఉండేవారు. వాళ్ల మాట నచ్చితే జనం వినేవారు, నచ్చకపోతే లేచి వెళ్లిపోయేవారు. అటువంటి చోట సంతకం ఎవరిది? అందుకని అమెరికా ప్రభుత్వమే 1923లో నియమావళి రాసి ఒక కౌన్సిల్‌ను ఏర్పాటు చేసింది. ఆ ఏడాది జూలైలో టోడ్లీనా అనే చోట జరిగిన మొట్టమొదటి సమావేశంలోనే, తమ తరఫున చమురు లీజుల మీద సంతకాలు చేసే అధికారాన్ని కౌన్సిల్ ప్రభుత్వ అధికారికి అప్పగించింది.

ఈ సంగతి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. జనం కూర్చుని మాట్లాడుకోవాలని ఆ సభను పుట్టించలేదు. సంతకం కావలసి వచ్చి పుట్టించారు. ఒక జాతి స్వపరిపాలనకు మొదటి మెట్టు అలా పడింది.

తర్వాత పదేళ్లకు గొర్రెల వంతు వచ్చింది. నేల కోతకు గురవుతోంది, మందలు ఎక్కువయ్యాయి, తగ్గించాలి అన్నాడు ఆదివాసీ వ్యవహారాల కమిషనర్ జాన్ కాలియర్. నేల కోత నిజమే. కానీ నవాహో సమాజంలో మంద చాలాచోట్ల ఆడవాళ్ల ఆస్తి. ఇల్లు తల్లిది, వంశం తల్లిది, గొర్రెలు తల్లివి. ఆ తల్లులను ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. మగవాళ్ల కౌన్సిల్ చేత ఒప్పించి, అధికారులు ఇంటి ముందు నుంచి మందలను తోలుకుపోయారు. కొన్నిచోట్ల తోలుకుపోయే శ్రమ కూడా దండగని లోయల్లోనే కాల్చేశారు. కోపం, దుఃఖం ఇంకా చల్లారకముందే 1935లో అదే కాలియర్ తెచ్చిన పునర్వ్యవస్థీకరణ చట్టం ఓటుకు వచ్చింది. తెగలు రాజ్యాంగాలు రాసుకునే దారి అందులోనే ఉంది. నవాహోలు కాదన్నారు. వద్దన్నవాళ్లు 8,197 మంది, కావాలన్నవాళ్లు 7,679 మంది. ఆ అంకెల్లో రాజ్యాంగం మీద తీర్పు ఎంతో, చచ్చిన గొర్రెల మీద కన్నీరు ఎంతో ఎవరు విడదీయగలరు?

ఆ తర్వాత వాళ్లే ఒక ముసాయిదా తయారు చేసి 1937లో పంపారు. వాషింగ్టన్ ఆమోదించలేదు. దాని బదులు 1938లో ప్రభుత్వమే కొన్ని నియమాలు రాసి పంపింది, కౌన్సిల్ 74 మందితో కొత్తగా ఏర్పడింది. నవాహోలు రాసింది వాషింగ్టన్‌కు నచ్చలేదు, వాషింగ్టన్ రాసింది నవాహోలకు నచ్చలేదు. ఆ తర్వాత కూడా ముసాయిదాలు వచ్చాయి, వెళ్లాయి.

రాజ్యాంగం కావాలనేవాళ్ల మాటను ముందు మనసు పెట్టి వినాలి. వాళ్లు గుర్తు చేసేది 1989. అప్పటి చైర్మన్ పీటర్ మెక్‌డొనాల్డ్ మీద లంచాల ఆరోపణలు వచ్చాయి, కౌన్సిల్ ఆయనను పదవికి దూరం పెట్టింది. ఆయన వర్గం ఒప్పుకోలేదు. ఆ ఏడాది జూలైలో విండో రాక్‌లో జరిగిన ఘర్షణలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. తర్వాత కోర్టులు ఆయనను దోషిగా తేల్చాయి. ఆ రక్తం ఆరకముందే, అధికారమంతా ఒక్క చేతిలో ఉండకూడదని, 1989 డిసెంబరులో కౌన్సిల్ చట్టాన్ని మార్చింది. అధ్యక్షుడు, కౌన్సిల్, కోర్టులు అనే మూడు విభాగాలు అప్పుడే స్పష్టంగా వేరుపడ్డాయి. మంచి మార్పే. కానీ ఆ మార్పును కూడా జనం ఓటుకు పెట్టలేదు. కౌన్సిల్ చేసింది, కౌన్సిల్ సవరించగలదు. తన అధికారానికి తానే హద్దు గీసుకుని, ఆ హద్దును తానే చెరిపేయగల సభను ఎంతవరకు నమ్మాలి? 2009 డిసెంబరులో జనం నేరుగా ఓటు వేసి 88 మంది ఉన్న కౌన్సిల్‌ను 24కు కుదించారంటే, ఆ అపనమ్మకం ఎంత లోతున ఉందో అర్థమవుతుంది. మా హక్కులు మా చేతులతో, మా ఓటుతో, ఎవరూ తెల్లారేసరికి మార్చలేని చోట రాసి ఉండాలి అని అడిగేవాళ్లు అన్యాయం అడగడం లేదు.

ఇప్పుడు వద్దనేవాళ్ల మాట. మాకు చట్టం లేకపోతే కదా కొత్తగా రాసుకోవడానికి అంటారు వాళ్లు. మన తెలుగులో ఒక చక్కని మాట ఉంది, కట్టుబాటు. చట్టం బయటి నుంచి వచ్చి మీద పడుతుంది. కట్టుబాటు మనల్ని మనం కట్టుకున్నది. నవాహోలకు అటువంటి కట్టుబాటు ఉంది. దాని వేరు ‘కే’ అనే మాటలో ఉంది. బంధుత్వం, మర్యాద, ఒకరి బాధ్యత ఇంకొకరు మోయడం అన్నీ అందులోనే. ఇద్దరు నవాహోలు కొత్తగా కలిస్తే ముందు ఉద్యోగం చెప్పుకోరు. తల్లి వంశం, తండ్రి వంశం, తల్లి తండ్రి వంశం, తండ్రి తండ్రి వంశం చెప్పుకుంటారు. ఆ నాలుగు పేర్లు పూర్తయ్యేసరికి ఎదుటి మనిషి అక్కో, మేనమామో, మనవడో తేలిపోతుంది. తేలిపోయాక ఎలా నడుచుకోవాలో కూడా తేలిపోతుంది. తప్పు చేసినవాణ్ని కటకటాల్లోకి నెట్టడం కంటే, రెండు కుటుంబాలనూ పెద్దమనిషి ముందు కూర్చోబెట్టి, తెగిన బంధం అతికేదాకా మాట్లాడించడం వాళ్ల పద్ధతి. 1982లో వాళ్ల న్యాయవ్యవస్థే ఆ పద్ధతికి కోర్టులో చోటు కల్పించింది. 2002లో కౌన్సిల్ ‘దినే మూల ధర్మాలను’ అధికారికంగా గుర్తించింది. అవి మేం చేసినవి కావు, మాకు ఇచ్చినవి, వాటిని గుర్తించడమే మా పని అన్నది అందులోని భావం. మనిషి చేయని ధర్మాన్ని మూడింట రెండొంతుల ఓటుతో సవరించే కాగితంలోకి దించవచ్చా? ఈ ప్రశ్న అడిగేవాళ్లను వెనకబడినవాళ్లని కొట్టిపారేయకండి.

వాళ్లకు పక్క ఊరి అనుభవం కూడా ఉంది. నవాహో నేల మధ్యలోనే హోపీ జాతి నేల ఉంది. 1936లో హోపీలకు ఒలివర్ లా ఫార్జ్ అనే బయటి రచయిత సాయంతో రాజ్యాంగం తయారైంది. నచ్చని పనికి దూరంగా ఉండిపోవడం హోపీల సంప్రదాయంలో వ్యతిరేకత చెప్పే తీరు. చాలామంది ఓటుకే రాలేదు. వచ్చినవాళ్ల ఓట్లతో రాజ్యాంగం నెగ్గింది. రానివాళ్ల మౌనాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. దాని తాలూకు చీలిక హోపీ గ్రామాల్లో తరాల తరబడి నలిగింది.

పైగా, రాజ్యాంగం లేకపోతే అధికారమే లేదన్న మాటను అమెరికా సుప్రీం కోర్టే కొట్టివేసింది. కెర్-మెగీ కంపెనీ కేసులో 1985లో తీర్పు ఇస్తూ, రాజ్యాంగం లేకపోయినా, వాషింగ్టన్ అనుమతి లేకపోయినా నవాహోలు తమ నేల మీది కంపెనీలపై పన్ను వేయవచ్చని చెప్పింది.

రెండు పక్షాలనూ విన్నాక నాకు తోచింది ఒక్కటే. ఇద్దరి భయమూ ఒకటే. నేను లేనప్పుడు, నాకు అర్థం కాని భాషలో, నా పేరు పక్కన ఇంకెవరో నిశానీ పెడతారన్న భయం. రాజ్యాంగం కావాలనేవాడు విండో రాక్ నాయకుల సంతకానికి భయపడుతున్నాడు. వద్దనేవాడు దాన్ని రాసే వకీళ్ల సంతకానికి భయపడుతున్నాడు. 1868 నుంచి, 1923 నుంచి ఆ భయానికి కారణాలు ఉన్నాయి. కాబట్టి రాయడమా మానడమా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ రాత ముందు ఎవరెవరు కూర్చుంటారన్నది.

నవాహోలకు హితవు చెప్పే అర్హత నాకు లేదు. వాళ్ల తోవ వాళ్లు ఎంచుకుంటారు. కానీ రాజ్యాంగం అనే మాట పలికే ప్రతి జాతికీ వర్తించే ధర్మం కొంత ఉంటుంది. దాన్ని పైకి అనుకోవడంలో తప్పు లేదు.

గొర్రెల దొడ్డి దగ్గర ఒంటరిగా ఉండే అవ్వకు అర్థం కానిదేదీ ఆమె రాజ్యాంగం కాదు. ముందు ఆమె భాషలో ఆలోచన మొదలు కావాలి, ఇంగ్లీషు తర్వాత రావాలి. ఇంగ్లీషులో రాసి దినే భాషలోకి మారిస్తే 1868 నాటి దుబాసీల వరసే మళ్లీ మొదలవుతుంది. అదే సమయంలో ఆ భాష నోరారా మాట్లాడలేని పిల్లలను కూడా బయట నిలబెట్టకూడదు. జాతి సభ్యుల్లో సగానికి పైగా ఇప్పుడు ఆ నేలకు బయట, ఫీనిక్స్ లాంటి నగరాల్లో బతుకుతున్నారు. 2014లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఒక అభ్యర్థికి భాషలో పట్టు చాలదని పోటీ నుంచి తప్పించారు. జాతి రెండుగా చీలి వాదించుకుంది. మరుసటి ఏడాది జనం ఓటు వేసి, ఎవరికి భాష ఎంత వచ్చో ఓటర్లే తేల్చుకుంటారని నిర్ణయించారు. పిల్లలకు భాష రాకపోవడం పిల్లల నేరం కాదు. తల్లి భాష మాట్లాడితే దండించిన బోర్డింగ్ బడుల పాపం అది. అవ్వనూ మనవడినీ ఒకే చాప మీద కూర్చోబెట్టలేని రాజ్యాంగం జాతిని రెండుగా కోస్తుంది.

ఇంకో మాట కటువుగా అనిపించినా చెప్పాలి. రాయని కట్టుబాటు పవిత్రమైనదే. కానీ దాని చాటున దాక్కునేవాళ్లు కూడా ఉంటారు. పెద్దరికం పేరుతో అధికారం చెలాయించేవాడికి రాత అంటే గిట్టదు, ఎందుకంటే రాత నిలదీస్తుంది. సంప్రదాయాన్ని ప్రేమించేవాళ్లే ముందుగా ఈ దొంగాటను పట్టుకోవాలి. అలాగే ఇంకెవరి రాజ్యాంగాన్నో ముందు పెట్టుకుని పేర్లు మార్చి మనదేనని చూపించేవాళ్లను రాజ్యాంగాన్ని కోరుకునేవాళ్లే ఆపాలి. ఎవరి పక్షంలోని తప్పును వాళ్లు ఎత్తిచూపిన రోజున వాదన ధర్మం అవుతుంది.

తొందర వద్దు, వాయిదా కూడా వద్దు. ఇల్లు అలకగానే పండగ కాదు. మన రాజ్యాంగ సభ 2 ఏళ్ల 11 నెలల 18 రోజులు కూర్చుంది. చివరలో అంబేద్కర్ దేశాన్ని హెచ్చరించారు: ఎంత మంచి రాజ్యాంగమైనా దాన్ని నడిపేవాళ్లు చెడ్డవాళ్లైతే చెడ్డదే అవుతుందని. అదే సభలో 1946 డిసెంబరులో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదు, వాళ్ల దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట అక్కడ ఎడారిలో ఉన్న నవాహోలకు ఎంత వర్తిస్తుందో, మనకు అంత తగులుతుంది.

ఇక మన సంగతి. ముందుగా అరిజోనాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలతో మాట్లాడతాను. ఫీనిక్స్, చాండ్లర్ ఇళ్లలో మీరు తిప్పే కుళాయి నీళ్లలో కొంత కొలరాడో నది నుంచి వందల మైళ్ల కాలువలో వస్తుంది. ఎత్తులెక్కే ఆ నీటిని తోడడానికి దశాబ్దాల పాటు కరెంటు ఇచ్చింది నవాహో నేల మీది బొగ్గు విద్యుత్ కేంద్రం. నవాహోల, హోపీల బ్లాక్ మీసా కొండల బొగ్గు అక్కడ కాలింది. 2019లో ఆ కేంద్రం మూతపడింది. ఇన్నేళ్లూ మీ ఊళ్లకు నీళ్లు ఎక్కించిన నేల మీద, ఈ రోజుకీ దాదాపు మూడిళ్లలో ఒక ఇంటికి కుళాయి నీళ్లు లేవు. డ్రమ్ముల్లో తెచ్చుకుంటారు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది: ఆ నేలకు నీటి హక్కు ఉన్నా, నీళ్లు చేర్చే పని ప్రభుత్వం చేపట్టాలని 1868 ఒప్పందం కోరడం లేదని. రెండు నోళ్లు దాటి వచ్చిన పాత కాగితం నూట యాభై అయిదేళ్ల తర్వాత ఆ ఇళ్ల గొంతులు తడపలేకపోయింది. సెలవుల్లో మాన్యుమెంట్ వ్యాలీలో, యాంటిలోప్ కాన్యన్‌లో ఫొటోలు దిగి వచ్చే మనం, ఆ ఎర్ర రాళ్ల మధ్య బతికేవాళ్ల పేరైనా తెలుసుకోకపోతే అది చిన్న తప్పు కాదు. మీరు ఓటు ఉన్న పౌరులైతే, ఆ నీళ్ల సంగతి మీ ప్రతినిధిని అడగండి.

ఇప్పుడు ఇంటికి వద్దాం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఆదివాసుల భూమిని కాపాడటానికి 1/70 చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. బొర్రా గుహల చుట్టుపక్కల గ్రామాల పోరాటం నుంచి పుట్టిన తీర్పు అది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభను నడిబొడ్డున నిలబెట్టింది. భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో అడగాలంది. కాగితం మీద మనది నవాహోల కంటే ఎంతో బలమైన రాత.

కానీ ఆ గ్రామసభ ఎన్నిసార్లు ఒక సంతకం కోసమే పుడుతోంది? మీటింగు జరగని రోజు జరిగినట్టు రిజిస్టరు నింపడం మనకు కొత్తా? ఖాళీ పేజీ మీద ముందే వేలిముద్రలు తీసుకుని, తీర్మానం తర్వాత రాసుకోవడం మనం వినని సంగతా? జరిగిన మీటింగులోనైనా, కువి మాట్లాడే అవ్వకు, కోయ మాట్లాడే తాతకు, సవర మాట్లాడే తల్లికి ఆఫీసరు ఏ భాషలో చెప్తాడు? తెలుగులో. ఆ తెలుగు కాగితం కూడా చాలాసార్లు ఇంగ్లీషు నుంచి దిగిందే. అంటే 1868లో ఫోర్ట్ సమ్నర్‌లో స్పానిష్ చేసిన పనిని మన కొండల్లో మన తెలుగు చేస్తోంది. ఈ ఒక్క సంగతి మనం ఒప్పుకోవాలి. తల్లి భాష కోసం గుండెలు బాదుకునే మనం, ఇంకొకరి తల్లి భాషకు అడ్డుగోడ కావచ్చునన్నది మన అంతరాత్మ మింగాల్సిన చేదు.

నల్లమలలో యురేనియం తవ్వుతారని 2019లో విన్నప్పుడు చెంచుపెంటల నుంచి హైదరాబాదు దాకా గొంతులు కలిశాయి. తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. నవాహో నేలలో 1944 నుంచి 1986 దాకా దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. వదిలేసిన గనులు 500కు పైగా ఇంకా అక్కడే ఉన్నాయి. గనుల్లో దిగినవాళ్లు, గని మట్టితో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఊపిరితిత్తులతో మూల్యం చెల్లించారు. 2005లో వాళ్లు తమ చట్టంతోనే తమ నేలలో యురేనియం తవ్వకాన్ని నిషేధించుకున్నారు. అక్కడా ఇక్కడా ప్రశ్న ఒక్కటే: నేల మీద బతికేవాడి మాటకు నేల కింది సరుకు కంటే ఎక్కువ విలువ ఉందా?

ఉందని నమ్మేవాళ్లు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు, కానీ విడవకుండా చేయాలి. మీరు టీచరైతే, గ్రామ కార్యదర్శి అయితే, వకీలైతే, విలేకరైతే, పక్క ఊరి యువకుడైతే, రాబోయే గ్రామసభకు వెళ్లండి. తీర్మానం రాయకముందు దాన్ని ఆ ఊరి భాషలో చదివించండి. ఆ భాష మీకు రాకపోతే వచ్చినవాళ్లను తోడు తీసుకెళ్లండి. ఆడవాళ్లు వెనక కూర్చుంటే ముందుకు పిలవండి. అర్థం కాలేదని ఒక్కరు అన్నా రిజిస్టరు మూసేసి మరో రోజుకు రమ్మనండి. రానివాళ్ల మౌనాన్ని సమ్మతిగా రాసుకోకండి.

ఫోర్ట్ సమ్నర్‌లో ఆ రోజు నిశానీలు పెట్టిన పెద్దలకు, కాగితంలో ఏముందో సూటిగా తమ భాషలో చెప్పగల మనిషి అవతలి వైపున ఒక్కడు కూడా లేడు. వచ్చే నెలలో పాడేరు దగ్గరో, ఏటూరునాగారం దగ్గరో ఒక ముసలామె వేలిని సిరాలో ముంచబోయే క్షణాన, ఆమె చెయ్యి మెల్లగా ఆపి, “ఆగు అవ్వా, ఇందులో ఏముందో ముందు నీ మాటల్లో చెప్తాను, నచ్చితేనే పెట్టు” అనే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ మనిషి మనలోంచే రావాలి.